ఎనిమిదో నంబరు బిళ్ళ

మా విద్యుత్ సహకార సంఘం ఏటేటా సభ్యులకు పంచే పుస్తకాన్ని ఎవరూ ముందు నుంచి చదవరు. ముందు పేజీల్లో ప్రెసిడెంటు గారు రిబ్బను కత్తిరిస్తున్న ఫోటో, కొత్త ట్రాన్స్‌ఫార్మరు పక్కన నిలబడ్డ ఫోటో, అదే ట్రాన్స్‌ఫార్మరుకు అటు పక్కన నిలబడ్డ ఫోటో ఉంటాయి. జనం వాటి జోలికి పోరు. నేరుగా వెనక్కి తిప్పి ‘కరెంటు పోయిన వివరాలు’ అన్న పేజీ తీస్తారు. ఏ లైను, ఏ రోజు, ఎన్ని గంటలు, ఎందుకు పోయింది, ఆ లైను మీద పని చేసిన మనిషి నంబరు ఎంత, అన్నీ అందులో ఉంటాయి. తమ ఊరి పేరు కనబడితే ఆ రోజు ఎవరింట్లో ఏమైందో తవ్వుకుని, ఓ పూట కబుర్లకు సరిపడా సరుకు దొరికాక పుస్తకాన్ని మీటరు పెట్టె మీద పడేస్తారు.

ఆ పుస్తకం రాసేది నేను. సంఘం ఆఫీసులో గుమాస్తాను. పదకొండేళ్ళుగా రాస్తున్నాను, ఏనాడూ వారం రోజులకు మించి పట్టలేదు. ఆ ఏడాది మాత్రం ఆ వెనక పేజీలో ఒకే ఒక్క వరస దగ్గర పందొమ్మిది రోజులు ఆగిపోయాను. ఆ వరసలో ఒక పక్క మా నాన్న ఉన్నాడు, ఇంకో పక్క మా ఆయన ఉన్నాడు. ఎవరి వైపు కలం కదిపినా ఇంకొకరికి గుచ్చుకునేలా ఉంది.

నాన్న సంఘంలో లైన్‌మన్. మా ఆయన సబ్‌స్టేషన్‌లో ఆపరేటరు. నాన్న స్తంభాలెక్కేవాడు, మా ఆయన కరెంటు ఆపి మళ్ళీ వేసేవాడు. అందరం ఒకే ఇంట్లో ఉంటాం. ఇంట్లో ‘అల్లుడూ’, ‘మామయ్యా’ అనుకునే ఇద్దరూ సబ్‌స్టేషన్ గేటు దాటారంటే ‘ఆపరేటరు గారూ’, ‘ఎనిమిదో నంబరు గారూ’ అయిపోయేవారు. అమ్మకు అది ఎన్నాళ్ళు విన్నా నవ్వే. “పొద్దున తువ్వాలు కోసం కొట్టుకుంటారు, అక్కడికెళ్ళి గారూ గీరూ అనుకుంటారు” అనేది.

ఎనిమిదో నంబరన్నది నాన్న బిళ్ళ నంబరు. సబ్‌స్టేషన్ గదిలో ఒక్కో లైనుకు ఒక్కో స్విచ్చి, ఒక్కో స్విచ్చికి ఒక ఇనప పిడి ఉంటాయి. పని మీద వెళ్ళే లైన్‌మన్ ముందు కరెంటు ఆపించి, తన నంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళను ఆ పిడికి తగిలించి వెళ్ళాలి. పని అయ్యాక తనే వచ్చి, తన చేత్తో దాన్ని తీసి, “మనిషి దిగాడు, వేసుకోండి” అనాలి. అప్పుడే ఆపరేటరు పిడి మీద చెయ్యి వేస్తాడు. ఫోను చేసి చెబితే కుదరదు. ఇంకొకరిని పంపితే కుదరదు. ప్రెసిడెంటు గారు కాదు కదా, ఆయన తాత దిగొచ్చినా కుదరదు. ఈ పద్ధతి పెట్టిందే మా నాన్న. పన్నెండు బిళ్ళలూ ఎదురుగా కూర్చుని చేయించింది కూడా ఆయనే. ఎందుకు పెట్టాడో ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఇంట్లో పెద్దవాళ్ళ పట్టింపులకు కారణాలు ఎవరడుగుతారు.

ఆ వానాకాలం నడుమ మూడు రోజుల పాటు ఆగకుండా గాలివాన కొట్టింది. నూట నలభై స్తంభాలు పడిపోయాయి. మా దగ్గర ఉన్నది పన్నెండు మంది లైన్‌మన్లు. వాళ్ళు ఆ మూడు రోజులూ చేసిన పని గురించి పుస్తకంలో రెండు పేజీలు రాశాను, ఇప్పుడు చదివితే తక్కువే రాశాననిపిస్తుంది. లారీ దిగబడే చోట స్తంభాన్ని ఎనిమిది మంది భుజాల మీద మోసుకెళ్ళారు. తడి చొక్కాలు ఒంటి మీదే ఆరి, మళ్ళీ ఒంటి మీదే తడిశాయి. ఒకాయన చేతికి కుట్లు వేయించుకుని ఆ కట్టు మీద ప్లాస్టిక్ సంచీ చుట్టుకుని మళ్ళీ ఎక్కాడు. వాళ్ళ జీతమెంతో నాకు తెలుసు, ఆ జీతానికి ఎవరూ అంత పని చెయ్యరు. పక్క ఊరికి వెలుతురొస్తుంటే కింద నిలబడి చూడ్డంలో ఏముందో, అది రుచి మరిగిన వాళ్ళకే తెలియాలి.

నాన్నకు అప్పటికి యాభై తొమ్మిది. ఆ ఏడాది ఆఖరుకు రిటైరవ్వాలి. నాలుగో రోజు పొద్దున గాలి తగ్గింది. కాలువ వెంబడి మూడు ఊళ్ళకు వెళ్ళే లైను ఒక్కటే బాగుపడాల్సి ఉంది. జతగా వెళ్ళడానికి మనిషి దొరక్క నాన్న ఒక్కడే బయల్దేరాడు. ఏడున్నరకు మా ఆయన కరెంటు ఆపాడు, నాన్న బిళ్ళ తగిలించాడు. గంటన్నర పని.

మధ్యాహ్నం ఒంటిగంటకు నేను ఇద్దరి క్యారేజీలూ పట్టుకుని సబ్‌స్టేషన్‌కు వెళ్ళేసరికి గేటు దగ్గర అరవై మంది దాకా ఉన్నారు. అందరికంటే ముందు పాల కేంద్రం నడిపే ఆవిడ నిలబడి ఉంది. నాలుగు వందల లీటర్ల పాలు చల్లబరిచే మిషను పొద్దున్నుంచీ ఆగిపోయిందట.

“ఏమయ్యా, నీ చేతులకేమైనా నొప్పా?” అని కిటికీలోంచి మా ఆయన్ని అడుగుతోంది. “ఒక్క పిడి తిప్పడానికి ముహూర్తం చూసుకుంటున్నావా?”

మా ఆయన గదికి లోపల గడియ వేసుకుని, ఆ పిడి ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పిడికి బిళ్ళ వేలాడుతోంది. నేను వెనక కిటికీ దగ్గరకు వెళ్ళాను.

“నాన్న ఏరీ?”

“రాలేదు.”

“ఇప్పటిదాకానా? ఫోను?”

“పలకట్లేదు. పదింటికి ఇద్దరిని పంపించాను. ప్రతి స్తంభం చూసుకుంటూ వెళ్ళి వచ్చారు. పని మొత్తం అయిపోయి ఉంది. కాలువ గట్టు మీద మామయ్య తాడు ఒక్కటే దొరికింది.”

కాలువ ఆ రోజు గట్లు తెగేలా పారుతోంది. ఆ మాట ఆయన అనలేదు, నేనూ అనలేదు.

ఇంతలో ప్రెసిడెంటు గారు వచ్చారు. మంచివారే ఆయన. ఎవరి మనసూ కష్టపెట్టకూడదని చూసి చూసి అందరి దగ్గరా ఇరుక్కుంటూ ఉంటారు. కిటికీకి మొహం ఆనించి మెల్లగా అన్నారు. “బాబూ, ఇద్దరు కళ్ళారా చూసొచ్చారు. లైను మీద పురుగు కూడా లేదు. మనవాళ్ళు కాలువలో వెతుకుతున్నారు, ఆ సంగతి వేరు. నువ్వు కరెంటు వేసెయ్. బాధ్యత నాది.”

“బాధ్యత మీదే అనుకోండి సార్. బిళ్ళ మీది కాదుగా.”

“అంటే ఆయన దొరక్కపోతే?”

మా ఆయన ప్రెసిడెంటు గారి మొహంలోకి చూసి, మళ్ళీ బిళ్ళ వైపు తిరిగాడు. “దొరుకుతాడు” అన్నాడు. నేనిచ్చిన క్యారేజీ మూత కూడా తియ్యలేదు.

ఇంటికి పరిగెత్తాను. అమ్మకు అప్పటికే ఎవరో చెప్పేశారు. గుమ్మంలో చెప్పులేసుకుని నిలబడి ఉంది. స్కూటరు ఎక్కించుకుని కాలువ గట్టుకే తీసుకెళ్ళాను. రెండు గంటలు ఆ గట్టు మీద అటూ ఇటూ తిరిగాం. నాన్న తోటివాళ్ళు నడుములకు తాళ్ళు కట్టుకుని నీళ్ళలో దిగి, కర్రలతో పొదలు తోసి చూస్తున్నారు. అమ్మ వాళ్ళ వైపు చూడలేక రోడ్డు వైపు తిరిగి నిలబడింది. ఉన్నట్టుండి నా భుజం పట్టుకుంది.

“పొద్దున వెళ్తూ వెళ్తూ నన్నొకటి అడిగారే. పాత గది తాళం చెవి ఎక్కడ పెట్టావ్ అన్నారు. ఏ పాత గదండీ అంటే నా మొహంలోకి చూసి వెళ్ళిపోయారు. నేను పనిలో పడి పట్టించుకోలేదు.”

పాత గదంటే మాకు తెలిసింది ఒక్కటే. కాలువకు ఆవల, పద్దెనిమిదేళ్ళ కిందట మూసేసిన పాత స్విచ్చి గది. కొత్త సబ్‌స్టేషన్ రాకముందు ఈ లైన్లన్నీ అక్కణ్ణుంచే నడిచేవి. ఇప్పుడది స్తంభాల మీంచి తీసేసిన విరిగిన పింగాణీ గిన్నెలూ, తుప్పు పట్టిన బోల్టులూ పారేసే చోటు. వంతెన దాటి వెళ్ళాం. తలుపు ఎప్పుడో ఊడిపోయింది. లోపల ఒక చెక్కపెట్టె మీద నాన్న కూర్చుని ఉన్నాడు. చేతిలో కటింగ్ ప్లయరు ఉంది. వెనక గోడకు, ఒకప్పుడు బిళ్ళలు తగిలించిన కొక్కెం ఉంది.

అమ్మ గుమ్మంలోనే కూలబడింది. నాన్న నన్ను చూశాడు.

“వచ్చావా అమ్మాయ్. నా బిళ్ళ ఎవరో తీసేశారు.”

నేను గోడకున్న ఖాళీ కొక్కెం వైపు చూశాను.

“పొద్దున నా చేత్తో తగిలించాను. పని చేసుకుని వచ్చి చూస్తే లేదు. ఎవరు తీశారో తేలేదాకా ఇక్కణ్ణుంచి కదిలేది లేదు. తెలీక ఎవడైనా వచ్చి కరెంటు వేశాడనుకో, లైను మీద ఉన్నవాడి గతేంటి? అందుకే కాపలా కూర్చున్నా.”

అమ్మ లేచి వెళ్ళి ఆయన మొహం మీది బురద అరచేత్తో తుడిచింది. “బిళ్ళ ఎక్కడుందో నాకు తెలుసు. పదండి, చూపిస్తాను” అంది, పక్కింటికి పిలిచినంత మామూలుగా.

నాన్న లేచాడు. గుమ్మం దాకా వచ్చి ఆగాడు. వెనక్కి తిరిగి ఆ గదిని చూశాడు. పగిలిన రేకుల్లోంచి పడే వెలుతుర్లో ఆ చెత్తకుప్పని, ఆ కొక్కేన్ని, తను కూర్చున్న పెట్టెని ఒక్కోటే చూశాడు.

“ఈ గది ఎప్పుడు మూశారు?”

“పద్దెనిమిదేళ్ళయింది నాన్నా.”

ప్లయరును నడుం సంచీలో పెట్టుకుని, సంచీ గుండీ పెట్టుకున్నాడు. “పొద్దున్నుంచీ కరెంటు లేదా?”

“లేదు.”

“అల్లుడు వెయ్యలేదా?”

“వెయ్యలేదు. ఊరంతా వచ్చి తిట్టినా వెయ్యలేదు.”

“మంచి పని చేశాడు” అన్నాడు నాన్న. స్కూటరు మీద ముగ్గురం సర్దుకుని సబ్‌స్టేషన్‌కు వచ్చాం.

గేటు దగ్గర జనం ఆయన్ని చూసి దారిచ్చారు. మా ఆయన గడియ తీశాడు. మామా అల్లుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నాన్న నేరుగా పిడి దగ్గరకు వెళ్ళి, బిళ్ళ తీసి, రోజూ అనే గొంతుతోనే, “మనిషి దిగాడు, వేసుకోండి” అన్నాడు. మా ఆయన పిడి తిప్పాడు. అయిదూ ఇరవై అయింది. బయట ఎవరో చప్పట్లు కొట్టారు, ఎవరో తిట్టారు. మా ఆయన గది వెనక్కి వెళ్ళి గోడకు తల ఆనించి ఏడ్చాడు. ఆయన ఏడవడం నేను చూడ్డం అదే మొదలు. మామ ఒక చోట, అల్లుడు ఒక చోట, పొద్దున్నుంచీ ఒకే బిళ్ళకు కాపలా కాశారు.

పాల కేంద్రం ఆవిడ నాలుగు వందల లీటర్లూ పారబోసుకుంది. ఊళ్ళో మా ఆయనకు ‘చెయ్యి లేని ఆపరేటరు’ అని పేరు పడింది. కొట్టుకు వెళ్తే కొట్టువాడు చిల్లర చేతికివ్వకుండా బల్ల మీద పెట్టి, “తీసుకోగలవా, సాయం పట్టమంటావా” అనేవాడు. మా ఆయన నవ్వేసి వచ్చేవాడు, ఇంటికొచ్చాక నవ్వేవాడు కాదు. నాన్న ఎక్కడున్నాడో, ఎందుకు రాలేదో మేం ఎవరికీ చెప్పలేదు. మూడు రోజుల అలసట, ఎక్కడో కునుకు పట్టిందని జనమే ఒక కథ అల్లుకున్నారు. మేం కాదనలేదు.

డాక్టరు మాత్రం అలసట కాదన్నాడు. మతిమరుపు మొదలైందని, మెల్లగా పెరిగేదే తప్ప తగ్గేది కాదని చెప్పాడు. నాన్న అంతా విని, “ఇలా మరిచిపోవడం ఇది మూడోసారి డాక్టరు గారూ” అన్నాడు. మొదటి రెండు సార్లూ మాకెవరికీ తెలియనివ్వలేదు. ఇంటికి వచ్చి స్తంభాలెక్కే నడుం పట్టీని నూనె గుడ్డతో తుడిచి, మడిచి, స్టోరులో అప్పగించేశాడు. “కింద ఉండగా మరిచిపోతే ఇంతేగా. పైన ఉండగా మరిచిపోతే?” అన్నాడు అమ్మతో. మిగిలిన నెలలు ఆఫీసులో కుర్చీ ఇచ్చారు.

వానలు తగ్గుముఖం పట్టాయి. సభ్యుల సమావేశం దగ్గర పడింది, పుస్తకం అచ్చుకు వెళ్ళాలి. వెనక పేజీలో కాలువ లైను, మూడు ఊళ్ళు, తొమ్మిది గంటల యాభై నిమిషాలు అని రాసి, ‘కారణం’ అన్న గడి దగ్గర ఆగిపోయాను.

ప్రెసిడెంటు గారు నా టేబులు దగ్గరికి వచ్చి తలకాయ గోక్కున్నారు. “అనివార్య సాంకేతిక కారణాల వల్ల అని రాసెయ్ తల్లీ. ఎవరికీ అడ్డం ఉండదు. మీ నాన్నని గౌరవంగా పంపించుకుందాం.”

అక్కడితో పోతే బాగానే ఉండేది. పాల కేంద్రం ఆవిడ నూట ఎనభై సంతకాలతో సమావేశంలో పెట్టడానికి ఒక తీర్మానం ఇచ్చింది. రెండు గంటల్లోగా బిళ్ళ మనిషి రాకపోతే, ఇద్దరు లైను చూసి వచ్చాక, ఆపరేటరే బిళ్ళ తీసి కరెంటు వెయ్యొచ్చు అని. చదివితే న్యాయంగానే ఉంది. ఆ రోజు అసలేం జరిగిందో తెలియనివాళ్ళు ఎవరైనా చెయ్యెత్తేస్తారు.

ఆ సాయంత్రం ఇంట్లో చెప్పాను. మా ఆయన కాసేపు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుని, “ఆపరేటరు సమయానికి వెయ్యలేదని రాయి” అన్నాడు.

“మీకేమైనా పిచ్చా?”

“నాకింకా ఇరవై ఏళ్ళ సర్వీసుంది. ఈ మచ్చ అరిగిపోతుంది. మామయ్యకి ఇదే ఆఖరి పుస్తకం.”

నాన్న పక్క గదిలోంచి విన్నాడో ఏమో, లేచి వెళ్ళి తన పనిముట్ల సంచీ తెచ్చుకున్నాడు. అడుగు నుంచి ప్లాస్టిక్ కాగితంలో చుట్టిన ఒక పుస్తకం తీశాడు. సంఘం పుస్తకమే, ఇరవై మూడేళ్ళ కిందటిది. వెనక పేజీ తీసి నా ముందు పెట్టి, వేలు పెట్టి చూపించాడు. కాలువ లైను. నాలుగు గంటలు. సాంకేతిక కారణాల వల్ల.

“ఆ నాలుగు గంటలూ ఎందుకు పట్టిందో తెలుసా అమ్మాయ్? మా జతగాణ్ణి స్తంభం మీంచి దింపడానికి. అప్పటికే పోయాడు. అందరూ దిగారనుకుని కరెంటు వేసేశారు.”

“ఎవరు వేశారు?”

“వేసినవాడిదేముంది. దిగారని చెప్పింది నేను.”

అమ్మ తల వంచుకుంది. ఆవిడకు ఈ సంగతి తెలుసని అప్పుడు నాకు అర్థమైంది.

“పుస్తకంలో ఈ ముక్క రాశారు, అందరూ చేతులు దులుపుకున్నారు. నన్ను ఒక్క మాట అన్నవాడు లేడు. అనుంటే బాగుండేది. అప్పుడే బిళ్ళలు చేయించాను. ఇంకొకడి మాట మీద ఎవడూ పోకూడదని.” పుస్తకం మూశాడు. “ఆ రోజు బిళ్ళ దాని పని అది చేసింది. అల్లుడు వాడి పని వాడు చేశాడు. చెయ్యంది నేను. ఆ తేడా జనానికి తెలియకపోతే బిళ్ళలే తీసిపారేస్తారు. రాయి. నా బుర్ర సంగతి కూడా రాయి. రేపటికి నేనే మరిచిపోతానేమో, పుస్తకంలో ఉంటే ఉంటుంది.”

మా ఆయన నోరు తెరిచాడు గానీ, నాన్న చెయ్యెత్తి ఆపాడు. “ఆపరేటరు గారూ, మీరు మధ్యలో రాకండి” అన్నాడు. ఇంట్లో ఆ పిలుపు వినడం అదే మొదటిసారి.

అప్పటికప్పుడు రాశాను. ‘కారణం: ఎనిమిదో నంబరు మనిషి పని ముగించాక, మతిమరుపు జబ్బు వల్ల, పాత స్విచ్చి గదికి వెళ్ళి అక్కడ తన బిళ్ళ కోసం కాచుకున్నాడు. ఆపరేటరు బిళ్ళ మీద చెయ్యి వెయ్యలేదు.’ రాసేటప్పుడు కళ్ళు మసకబారి ఒక అక్షరం కొట్టేసి మళ్ళీ రాయాల్సి వచ్చింది. ప్రెసిడెంటు గారు చదివి, కళ్ళద్దాలు తీసి, చాలాసేపు తుడుచుకున్నారు. ఒక్క అక్షరం మార్చకుండా అచ్చుకు పంపించారు. ఆయన ఫోటోలు రెండు తగ్గించి ఆ పేజీ అక్షరాలు పెద్దవి చేయించారు కూడా. ఆయన మీద నాకు అంతకుముందున్న చిరాకంతా ఆ రోజుతో పోయింది.

సమావేశానికి రెండు వందల పైచిలుకు మంది వచ్చారు. ఎప్పటిలాగే పుస్తకాలు వెనక నుంచి తెరుచుకున్నాయి. మాటల చప్పుడు వరస వరసగా ఆగిపోవడం వేదిక పక్కన కూర్చున్న నాకు వినిపించింది. మా పక్కింటాయన పుస్తకంలోంచి తలెత్తి నాన్న వైపు చూసి, మళ్ళీ దించుకున్నాడు.

పాల కేంద్రం ఆవిడ తీర్మానం చేత్తో పట్టుకుని లేచింది. ఆవిడా చదివింది, మొహం చూస్తే తెలుస్తోంది. అయినా వెనక్కి తగ్గే మనిషి కాదు. నాకు ఆవిడలో నచ్చేది అదే. నేరుగా మా ఆయన్ని అడిగింది.

“అబ్బాయ్, ఒక్క మాట చెప్పు. ఆ మధ్యాహ్నానికి మీ మామగారు లైను మీద లేరని నీకు తెలుసా, తెలీదా?”

మా ఆయన లేచి నిలబడ్డాడు. నలుగురిలో మాట్లాడే అలవాటు లేదు. “వందకి తొంభై తొమ్మిది వంతులు తెలుసండీ” అన్నాడు.

“మరి?”

“మిగిలిన ఒక్క వంతులో మా మామయ్య ఉన్నాడు.”

ఆవిడ నిలబడే ఉంది. చేతిలో కాగితం వైపు చూసుకుంది. ఆవిడ తమ్ముడు కూడా మా లైన్‌మన్లలో ఒకడు, నాలుగో నంబరు. వెనక వరసలో చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆవిడ తిరిగి అతన్ని ఒకసారి చూసింది.

“పాలు పోతే పోయాయి” అంది. “ఈ కాగితం మీద సంతకాలు పెట్టినవాళ్ళు ఏమనుకోకండి, నేను మార్చుకుంటున్నాను. బిళ్ళ ఎవరిది వాళ్ళే తియ్యాలి. కానీ ఇక మీదట ఎవరినీ ఒంటరిగా లైను మీదికి పంపకూడదు. ఎంత మనుషులు తక్కువైనా సరే. రెండు బిళ్ళలు వేలాడాలి. అలా రాయించండి.”

ప్రెసిడెంటు గారు చేతులెత్తమన్నారు. ఎన్ని లేచాయో లెక్కపెట్టడం నా పని. లేవనివి లెక్కపెట్టడం తేలికని అటు నుంచి మొదలుపెట్టాను, ఒక్కటీ కనబడలేదు.

ఆఖర్న నాన్న లేచి వేదిక దగ్గరకు వచ్చాడు. ఏదో మాట్లాడతాడని అందరూ చూశారు. జేబులోంచి బిళ్ళ తీసి, “లైను పని మానేశాను గనక ఇది అప్పగించాలి. కానీ మీరు ఒప్పుకుంటే ఇంటికి పట్టుకెళ్తాను. ఇంటి దగ్గర దీంతో పనుంది” అన్నాడు. ఎనిమిదో నంబరు ఇంకెవరికీ ఇవ్వొద్దని అక్కడికక్కడే అనుకున్నారు. వెనక వరసలో ఉన్న పదకొండు మందీ లేచి నిలబడ్డారు. ఎవరూ లెమ్మనలేదు. వాళ్ళని చూసి మిగతా హాలంతా లేచింది. నేను సంతోషంతో ఏడ్చాను, సిగ్గేమీ పడలేదు.

మర్నాడు పొద్దున నాన్న సుత్తి పట్టుకుని మా వీధి తలుపుకు బయట వైపు మేకు కొట్టాడు. మమ్మల్ని ముగ్గుర్నీ పిలిచి నిలబెట్టాడు.

“బిళ్ళ దీనికి వేలాడుతుంటే నేను బయట ఉన్నట్టు. అప్పుడు తలుపు మూయకండి, వెతకండి. బిళ్ళ లేకపోతే లోపల ఉన్నట్టు. నన్ను అడక్కండి, నా మాట నమ్మకండి. బిళ్ళని చూడండి.”

“చిత్తం, ఎనిమిదో నంబరు గారూ” అంది అమ్మ. ఆవిడ నోట ఆ పిలుపు రావడం చూసి నాన్న పకపకా నవ్వాడు.

ఆ ఏడాది ఆఖరి వాన ఒక సాయంత్రం ఉన్నట్టుండి పడింది. అప్పటికి నాన్న మా వీధి చివరి దాకా వెళ్ళి కూడా తిరిగి రావడానికి తడుముకుంటున్నాడు. ఆ వేళ బిళ్ళ మేకుకు వేలాడుతోంది. జల్లు లోపలిదాకా కొడుతోంది, చాపలు తడిసిపోతున్నాయి. “తలుపేసుకోండమ్మా, ఇల్లంతా నీళ్ళవుతోంది” అని ఎదురింటావిడ కేక వేసింది. అమ్మ గుమ్మంలోంచి కదలకుండా, “బిళ్ళ ఉంది” అంది. మా ఆయన అప్పటికే గొడుగు పట్టుకుని వెళ్ళాడు.

కాసేపటికి ఇద్దరూ ఒకే గొడుగు కింద వచ్చారు. వీధి దీపాలు వెలిగాయి. నాన్న మెట్లెక్కి గుమ్మం ముందు ఆగిపోయాడు. బిళ్ళ వైపు చూస్తూ నిలబడ్డాడు. అది ఎవరిదో, తనెందుకు ఆగాడో వెతుక్కుంటున్నాడని తెలుస్తోంది. అమ్మ చెయ్యి చాపి బిళ్ళ తీసి అందించబోయి, ఆగి, చెయ్యి వెనక్కి పెట్టుకుంది. మా ఆయన గొడుగు పట్టుకుని వెనకే నిలబడ్డాడు. తొందరపెట్టలేదు. మేం ముగ్గురం తడుస్తూ అలాగే ఉన్నాం.

నాన్న చెయ్యెత్తి బిళ్ళ తీశాడు. అరచేతిలో పెట్టుకుని బొటనవేలితో నంబరు తడిమి చూసుకున్నాడు. తరవాత అల్లుడి వైపు తిరిగాడు.

“మనిషి దిగాడు, వేసుకోండి” అన్నాడు.

మా ఆయన తలుపు వేశాడు.